పెద్దవాళ్ల కాలి పుండు నెలల తరబడి మానకపోతే: ఏ కట్టు, ఏ చికిత్స, ఎవరికి ఏది

మా అత్తయ్యకి ఎడమ కాలికి లోపలివైపు, చీలమండకి నాలుగు వేళ్ల పైన పడిన పుండు పద్నాలుగు నెలలు మానలేదు. ఆవిడకి 74 ఏళ్లు. షుగరు ఇరవై ఏళ్ల నుంచి ఉంది, బీపీ అంతకుముందు నుంచే, గుండె పంపింగ్ తగ్గిందని రెండేళ్లుగా మందులు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువే. మొదటి ఆరు నెలలు మేము ఏ ఆయింట్‌మెంటు మంచిదా అని చూసుకుంటూ గడిపేశాం. ఎవరు ఏ ట్యూబు పేరు చెప్తే అది తెచ్చాం, ఇంటికొచ్చి కట్టు కట్టే కాంపౌండరు రోజూ పౌడరు చల్లి క్రేప్ బ్యాండేజీ చుట్టి వెళ్లేవాడు, ఒక క్లినిక్‌లో నాలుగుసార్లు యాంటీబయాటిక్ కోర్సు రాశారు. ఇన్ని నెలల్లో ఆ కాలికి రక్తం సరిగ్గా వస్తోందా, వచ్చింది తిరిగి పైకి వెళ్తోందా అని ఒక్కరూ చూడలేదు. అడగాలని మాకూ తెలియదు.

నేను డాక్టర్ని కాదు. ఆ కాలికి ఎనిమిది నెలలు నా చేతులతో కట్టు కట్టిన కోడల్ని. ఈ దారిలో ఎన్నో చోట్ల ఇదా అదా అని తేల్చుకోవాల్సి వచ్చింది, ప్రతిచోటా డాక్టర్లని పదిసార్లు అడిగి నేర్చుకున్నది మీకు చెప్తున్నా.

ముందు ఆ పుండు ఏ రకమో తేల్చండి

కాలి పుండ్లలో ఎక్కువ భాగం సిరల వల్ల వచ్చేవే. రక్తాన్ని గుండెకి తిరిగి తీసుకెళ్లే సిరల్లో చిన్న చిన్న కవాటాలు ఉంటాయి. అవి పాడైతే రక్తం కిందికి జారిపోతూ ఉంటుంది, చీలమండ దగ్గర ఒత్తిడి పెరుగుతుంది, అక్కడి చర్మం నల్లబడి, గట్టిపడి, దురద పెడుతుంది, చివరికి దోమ కుట్టినచోట గోకినా మంచం కోడు తగిలినా పుండై కూర్చుంటుంది. ఈ పుండుకి లోతు తక్కువ, అంచులు వంకరటింకర, రసి బాగా కారుతుంది, కాలు ఎత్తి పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. గుండె నుంచి కాలికి రక్తం తెచ్చే ధమనులు మూసుకుపోయి వచ్చే పుండు దీనికి పూర్తిగా ఎదురు. వేళ్ల కొసల్లోనో మడమ మీదో పడుతుంది, గుండ్రంగా లోతుగా పొడిగా ఉంటుంది, పాదం చల్లగా తగులుతుంది, రాత్రి పడుకుంటే నొప్పి ఎక్కువై కాలు మంచం కిందికి వేలాడేస్తే తగ్గుతుంది. చుట్ట, బీడీ, సిగరెట్ తాగేవాళ్లలో ఇది ఎక్కువ. ఇక అరికాల్లో, నొప్పే తెలియకుండా పడే షుగరు పుండు మరో దారి, దానికి ముఖ్యం ఆ చోట బరువు పడకుండా చూడటం, దాన్ని ఇక్కడ కలపను.

చిక్కేమిటంటే పెద్ద వయసులో, అందులోనూ షుగరు ఉన్నవాళ్లలో సిరల జబ్బు, ధమనుల జబ్బు రెండూ ఒకే కాలిలో ఉండొచ్చు. చూసి చెప్పలేం. కొలవాలి.

ఆ కొలత చాలా చిన్నది. మా అత్తయ్యని పడుకోబెట్టి చేతికి బీపీ చూశారు, తర్వాత అదే పట్టీ చీలమండ పైన చుట్టి, పాదం మీద జెల్లీ రాసి, పెన్నులాంటి చిన్న డాప్లర్ పరికరం ఆనించారు. అందులోంచి నాడి చప్పుడు శ్... శ్... అని వినిపిస్తుంది, పట్టీలో గాలి నింపితే ఆగిపోతుంది, వదిలితే మళ్లీ మొదలవుతుంది. చేతిలో 140, చీలమండ దగ్గర 126. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 0.9. పావుగంట పని. దీన్నే ఏబీఐ అంటారు. 0.8 పైన, 1.3 లోపల ఉంటే ధమనులు గట్టి కట్టుని తట్టుకుంటాయని లెక్క. 0.5కీ 0.8కీ మధ్య ఉంటే తేలిక కట్టు, అదీ స్పెషలిస్టు చూస్తూ ఉంటేనే. 0.5 కంటే తక్కువైతే బిగించి కట్టనే కూడదు, కడితే ఉన్న కాస్త రక్తం కూడా ఆగి పాదానికే ముప్పు. ఇంకొకటి, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ధమనుల గోడలకి సున్నం పట్టి గట్టిపడతాయి, అప్పుడు లోపల రక్తం తక్కువున్నా అంకె 1.3 దాటి చాలా బాగున్నట్టు కనిపిస్తుంది. ఆ అంకెని చూసి సంబరపడొద్దు, కాలి బొటనవేలి దగ్గర ప్రెషర్ చూడమని అడగండి.

ఇది ఏ డాక్టరు చేస్తారంటే వాస్కులర్ సర్జన్. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల ఉంటారు. మీ ఊళ్లో లేకపోతే జనరల్ సర్జన్ దగ్గరికి వెళ్లి, కాళ్ల డాప్లర్ స్కాన్ రాయమనండి, సిరలకి ఒకటి, ధమనులకి ఒకటి, రెండూ.

ఏ కట్టు?

సిరల పుండు అని తేలాక మానేది ప్రధానంగా కట్టు బిగువుతోనే. పైన ఏం రాశామన్నది రెండో విషయం. కింది నుంచి పైకి ఒత్తిడి తగ్గుతూ వచ్చేలా కట్టి, ఆ కట్టుతోనే మనిషి నడిస్తే, పిక్క కండరం పంపులా పనిచేసి రక్తాన్ని పైకి నెడుతుంది. మాకు ఈ సంగతి చెప్పిన డాక్టరమ్మ ఒక మాట అంది, "ఇన్నాళ్లూ మీరు నేల తుడుస్తూ ఉన్నారు, కుళాయి కట్టలేదు" అని. ఆ రోజు ఇంటికొచ్చి నాకు అన్నం సహించలేదు.

క్రేప్ బ్యాండేజీ అందరి ఇళ్లలో ఉంటుంది, చవక, మెడికల్ షాపులో దొరుకుతుంది. కానీ అది కట్టిన కొన్ని గంటలకే వదులైపోతుంది, సాయంత్రానికి చీలమండ దగ్గరకి జారి ముడతపడి, ఆ ముడతే చర్మాన్ని కోస్తుంది. కొత్త పుండ్లు అలా కూడా పడతాయి. డ్రెస్సింగ్ జారకుండా పట్టి ఉంచడానికి తప్ప దీన్ని నమ్ముకోవద్దు.

నాలుగు పొరల కట్టు అంటే దూది పొర, దాని మీద క్రేప్, దాని మీద సాగే బ్యాండేజీ, పైన అంటుకునే బ్యాండేజీ. చీలమండ దగ్గర సుమారు 40 మిల్లీమీటర్ల (బీపీ కొలిచే లెక్కలోనే) ఒత్తిడి ఇస్తుంది, వారం వరకు ఉంచొచ్చు. రసి ఎక్కువ కారే పెద్ద పుండుకి, కాలు వాచి ఆకారం పోయినవాళ్లకి ఇదే మేలు. అయితే కట్టడం వచ్చినవాళ్లే కట్టాలి, మన దగ్గర అలాంటి నర్సులు తక్కువ, పైగా మే నెల ఎండల్లో ఆ పొరల కింద కాలు ఉడికిపోతుంది. తక్కువ సాగే బ్యాండేజీ ఇంకో దారి. అది పడుకున్నప్పుడు తక్కువ నొక్కుతుంది, నడిచినప్పుడు ఎక్కువ నొక్కుతుంది, ఉతికి మళ్లీ వాడొచ్చు. నడవగలిగే మనిషికి చాలా బాగుంటుంది, కుర్చీలోంచి లేవలేని వాళ్లకి అంత ప్రయోజనం ఇవ్వదు. జింక్ పేస్టు పూసిన కట్టు కూడా పాతకాలం నుంచి ఉంది, చుట్టూ చర్మం ఎర్రగా దురదగా ఉన్నవాళ్లకి ఉపశమనం.

బిగువు మేజోళ్ల సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. పుండు మానాక వేసుకునేవి అనుకున్నాను. బ్రిటన్‌లో 2014లో వచ్చిన వీనస్ 4 అధ్యయనంలో నాలుగు పొరల కట్టునీ, పుండు మానడం కోసమే చేసిన రెండు పొరల మేజోళ్లనీ పోల్చి చూస్తే, రెండిట్లోనూ మానడానికి పట్టిన సమయం దాదాపు ఒకటే, 98, 99 రోజులు. మేజోళ్ల వాళ్లలో మళ్లీ పుండు పడటం తక్కువ. కాకపోతే మేజోళ్లు భరించలేక మధ్యలో మార్చుకున్నవాళ్లు కూడా ఆ గుంపులోనే ఎక్కువ. కాబట్టి పుండు చిన్నదై, రసి అంతగా లేకపోతే, కట్టు కట్టే మనిషి దొరకకపోతే మేజోళ్లే నయం. కానీ కీళ్లనొప్పులున్న పెద్దావిడ ఒంటరిగా అంత బిగువు మేజోడు తొడుక్కోలేదు. ఇంట్లో పొద్దున్నే తొడిగేవాళ్లు ఉన్నారా లేదా అన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి. ఎవరూ లేరంటే వెల్క్రో పట్టీల తొడుగు చూడండి, ఖరీదు ఎక్కువే గానీ కూర్చున్నచోటే బిగించుకోవచ్చు, వాపు తగ్గేకొద్దీ బిగువు మార్చుకోవచ్చు. మేము చివరికి దానికే వచ్చాం.

ఏది కట్టినా కాలివేళ్లు బయటకి కనిపించాలి. వేళ్లు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరిగినా అర్ధరాత్రి అయినా సరే కట్టు విప్పేయండి, డాక్టర్ని తర్వాత అడగొచ్చు.

పుండు మీద ఏం పెట్టాలి

ఇక్కడే జనం డబ్బంతా పోస్తారు. వెండి కలిపిన డ్రెస్సింగు, తేనె డ్రెస్సింగు, ఫోమ్, ఆల్జినేట్ అని ఒక్కో ముక్క వందల రూపాయలు. ఇన్‌ఫెక్షన్ లేని సిరల పుండు మీద వెండి డ్రెస్సింగు మామూలుదానికంటే త్వరగా మాన్పదని బ్రిటన్‌లో 2009లో వచ్చిన అధ్యయనం చెప్పింది. తేనె సంగతి న్యూజీలాండ్‌లో 2008లో చూశారు, బిగువు కట్టు కింద తేనె పెట్టినా మామూలు డ్రెస్సింగ్ పెట్టినా పెద్ద తేడా రాలేదు, తేనెతో నొప్పి ఎక్కువన్నారు. అంచేత నా సలహా సూటిగా చెప్తా: డబ్బు తక్కువుంటే కట్టు మీద పెట్టండి, డ్రెస్సింగ్ మీద కాదు. పారాఫిన్ పూసిన, అంటుకోని గాజుగుడ్డ, పైన రసి పీల్చే దళసరి ప్యాడ్ చాలు. రసి విపరీతంగా ఉంటే స్పాంజిలాంటి ఫోమ్ డ్రెస్సింగ్ కొంటే లాభం, రోజుకి రెండుసార్లు మార్చే పని తప్పి వారానికి రెండుమూడుసార్లకి వస్తుంది, అప్పుడు లెక్క చూస్తే ఖర్చు దాదాపు సమానం.

ఉత్త గాజుగుడ్డ నేరుగా పుండు మీద పెట్టకండి. మా ఇంట్లో ఆరు నెలలు అదే జరిగింది. పొద్దున కాంపౌండరు ఆ ఎండిన గుడ్డని ఒక్క లాగు లాగితే దాంతోపాటు అప్పుడే వస్తున్న పల్చటి గులాబీ రంగు కొత్త చర్మం కూడా ఊడొచ్చేది, సన్నగా రక్తం చిమ్మేది, అత్తయ్య మంచం పట్టె పట్టుకుని కళ్లు మూసుకునేది. రోజూ మానుతున్నదాన్ని రోజూ మేమే చింపాం. ఎప్పుడైనా అంటుకుంటే కాచి చల్లార్చిన నీళ్లు పోస్తూ పది నిమిషాలు ఓపిక పట్టండి, అదే వదులుతుంది. కడగడానికి కూడా ఆ నీళ్లే చాలు. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ చూసి శుభ్రమవుతోంది అనుకుంటాం, అది కొత్త కణాల్ని కూడా చంపుతుంది. యాంటీబయాటిక్ పౌడర్లు, నియోమైసిన్, ఫ్రామైసెటిన్ లాంటి క్రీములు ఎక్కువకాలం వాడితే కాలి పుండ్ల వాళ్లకి ఎలర్జీ వచ్చి చుట్టూ చర్మం ఎర్రబడి రసి పెరుగుతుంది. మేము దాన్నే ఇన్‌ఫెక్షన్ అనుకుని ఇంకా పూశాం. ఆకు పసరు, పసుపు, వేప ముద్ద కూడా తెరిచి ఉన్న పుండులో వద్దు. చుట్టూ పొడిబారిన చర్మానికి మాత్రం కొబ్బరి నూనో వాజిలీనో రోజూ రాయండి.

యాంటీబయాటిక్ మాత్రలకి వస్తే, మానని పుండులో సూక్ష్మజీవులు ఎప్పుడూ ఉంటాయి, కల్చర్ రిపోర్టులో ఏదో పేరు వచ్చినంత మాత్రాన మందు అక్కర్లేదు. ఎరుపు రోజురోజుకీ పాకుతుంటే, వేడిగా ఉంటే, నొప్పి ఉన్నట్టుండి పెరిగితే, జ్వరం వస్తే, పెద్దవాళ్లు మాట తడబడి అయోమయంగా ఉంటే అప్పుడు ఆలస్యం చేయొద్దు.

సిరకి ప్రొసీజర్ చేయించాలా, కట్టుతోనే నెట్టుకురావాలా

"ఈ వయసులో ఆపరేషనా" అని మా ఇంట్లో అందరూ అన్నారు, నేనూ అన్నాను. అది కోతా కుట్లూ ఉన్న పాత ఆపరేషన్ అనుకున్నాం. ఇప్పుడు లేజర్‌తోనో రేడియో తరంగాలతోనో సిరని లోపల నుంచే మూసేస్తారు, మత్తు సూది కాలికే, అదే రోజు నడిచి ఇంటికి రావచ్చు. పూర్తి మత్తు అక్కర్లేదు కాబట్టి గుండె బలహీనంగా ఉన్న చాలామందికి కూడా కుదురుతుంది. 2018లో వచ్చిన ఎవ్రా అనే బ్రిటన్ అధ్యయనంలో 450 మందిని చూశారు. అందరికీ బిగువు కట్టు ఉంది, కొందరికి రెండు వారాల్లోపే సిర మూసేశారు, మిగతావాళ్లకి పుండు మానాకో ఆరు నెలలయ్యాకో చూద్దామన్నారు. ముందే చేయించుకున్న వాళ్లలో సగం మందికి 56 రోజుల్లో మానింది, ఆగినవాళ్లలో 82 రోజులు పట్టింది. కాబట్టి పైసిర లీకవుతోందని స్కాన్‌లో తేలి, ధమనులు బాగుంటే, "పుండు మానాక ఆలోచిద్దాం" అనకండి, ముందే అడగండి. నడక లేక, పిక్క కండరం పంపులా పనిచేయక మంచాన పడినవాళ్లకీ, లోపలి సిరల్లో గడ్డలు కట్టి పూడుకుపోయినవాళ్లకీ లాభం తక్కువ. సిరలోకి మందు నురగ ఎక్కించి మూసే పద్ధతి కొంచెం చవక, మళ్లీ తెరుచుకునే అవకాశం ఎక్కువ.

ధమనుల పుండు అయితే కట్టు మాటే పక్కన పెట్టి మూసుకున్నచోట బెలూన్ వేసి తెరవడమో బైపాసో చూడాలి. అక్కడ కిడ్నీ అడ్డం వస్తుంది, ఎందుకంటే యాంజియోగ్రామ్‌లో ఎక్కించే మందు కిడ్నీల మీద భారం. క్రియాటినిన్ ఎంతో ముందే చెప్పండి, షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే అదీ చెప్పండి.

ఖర్చు గురించి భయపడేవాళ్లకి: 70 ఏళ్లు దాటినవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల వరకు ఉచిత వైద్యానికి కేంద్రం ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబర్ నుంచి ఇస్తున్నారు. ఏపీలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఉన్నాయి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గరికి డాక్టరు రాసిన చీటీ పట్టుకెళ్లి ఈ ప్రొసీజర్ వస్తుందా అని ముందే అడగండి.

మిగతా జబ్బులు పుండుని ఎలా నిలబెడతాయంటే

గుండె బలహీనంగా ఉంటే పడుకుంటే ఆయాసం, అందుకని కుర్చీలో కూర్చునే నిద్రపోతారు, రాత్రంతా కాళ్లు కిందికి వేలాడతాయి, వాపు పెరుగుతుంది, పుండు మానదు. మా అత్తయ్య ఏడాదిగా అలాగే పడుకుంటోందని కాలు చూసిన డాక్టర్లకి మేం చెప్పనే లేదు, గుండె డాక్టరుకి కాలి సంగతి చెప్పలేదు. చెప్పాక ఒంట్లో చేరిన నీటిని మూత్రంలో పంపే నీటి మాత్ర మోతాదు మార్చారు, వారం తర్వాత తల ఎత్తులో మంచం మీద పడుకుంది. ఆయాసం ముదిరి ఉన్నప్పుడు రెండు కాళ్లకీ ఒకేసారి గట్టి కట్టు కడితే కాళ్లలో నీరంతా గుండె మీదకి వెళ్తుంది. ముందు గుండెని కుదుట పరచి, తర్వాత ఒక కాలికి, తేలిగ్గా మొదలుపెట్టాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు బరువు పెరిగితే గుండె డాక్టరుకి ఫోను చేయండి.

వాడే మాత్రలన్నీ ఒక సంచిలో వేసి పట్టుకెళ్లండి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్లే కాళ్లు వాస్తాయి చాలామందికి, దాని వాపుకి నీటి మాత్ర పెద్దగా పనిచేయదు, మందు మార్చాలి. నరాల మంటకి వాడే ప్రీగాబాలిన్, షుగరుకి పయోగ్లిటజోన్ కూడా అంతే. నొప్పికి మెడికల్ షాపులో అడిగి వేసుకునే డైక్లోఫెనాక్ గుండెకీ కిడ్నీకీ రెండింటికీ చెడు, పారాసిటమాల్ నయం. ఛాతీ నొప్పికి నికోరాండిల్, రక్త జబ్బుకి హైడ్రాక్సీయూరియా వాడుతుంటే ఆ మందే పుండు తెస్తుండొచ్చు. మీరు మాత్రం ఏదీ సొంతంగా ఆపకండి. పెంటాక్సిఫిలిన్ అనే మాత్ర 400 మిల్లీగ్రాములది రోజుకి మూడుసార్లు సిరల పుండుకి కట్టుతోపాటు కొంత సాయం చేస్తుంది, రక్తం పల్చబరిచే మందులుంటే డాక్టరుకి చెప్పి వాడాలి, కడుపులో తిప్పుతుంది.

షుగరు విషయంలో, చాలా జబ్బులున్న పెద్దవాళ్లకి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 8 దగ్గర ఉన్నా సరిపెట్టుకోవచ్చు అంటారు. పుండు మానాలని ఇన్సులిన్ ఎడాపెడా పెంచితే తెల్లవారుజామున షుగరు పడిపోయి బాత్రూంలో జారి తుంటి విరుగుతుంది.

ఇక పథ్యం. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వద్దు, చేప వద్దు, వంకాయ వద్దు అని మా అత్తయ్యకి చారన్నం, మజ్జిగన్నం, బ్రెడ్డు పెట్టారు నాలుగు నెలలు. పెట్టింది ఆవిడ సొంత అక్కచెల్లెళ్లు, ప్రేమతోనే. రోజూ రసి కారే పుండులోంచి ప్రొటీన్ పోతూ ఉంటుంది, చర్మం కట్టుకోవడానికి ప్రొటీనే కావాలి, మనం సరిగ్గా దాన్నే మానిపిస్తున్నాం. రోజుకో గుడ్డు, గట్టి పప్పు, పెరుగు, తినేవాళ్లకి చేప పెట్టండి. కిడ్నీ జబ్బు ఉంటే ఎంత పెట్టొచ్చో కిడ్నీ డాక్టర్ని అడగండి, కానీ సొంతంగా సున్నా చేయకండి.

ఎప్పుడు దారి మార్చాలి

ప్రతి ఆదివారం పుండు మీద పల్చటి ప్లాస్టిక్ కాయితం పెట్టి అంచు గీయండి, తేదీ వేసి దాచండి. నాలుగు వారాల్లో సైజు కొంచెమైనా తగ్గకపోతే అదే పద్ధతి కొనసాగించడంలో అర్థం లేదు. మూడు నెలలు సరిగ్గా కట్టినా కదలిక లేకపోతే, అంచులు పైకి లేచి కండ పెరిగినట్టుంటే ముక్క తీసి పరీక్షకి పంపమనండి, పాత పుండ్లలో అరుదుగా క్యాన్సర్ మొదలవుతుంది.

ఇంకో ఎంపిక ఉంది, ఎవరూ నోరు తెరిచి చెప్పరు. తొంభైకి దగ్గరై, మంచం దిగలేని, రక్తం అందని కాలున్న మనిషికి పుండు మూయడమే గమ్యం కానక్కర్లేదు. నొప్పి లేకుండా, వాసన లేకుండా, రోజూ కట్టు విప్పి హింసించకుండా చూసుకోవడం కూడా చికిత్సే. వాసనకి మెట్రోనిడజోల్ జెల్ బాగా పనిచేస్తుంది, డ్రెస్సింగ్ మార్చే అరగంట ముందు నొప్పి మాత్ర ఇవ్వండి. ఇది వదిలేయడం కాదు, ఇంట్లో ఎవరూ అలా అనుకోవద్దు. ఏది కావాలో పెద్దవాళ్లనే అడగండి. మా అత్తయ్యని అడిగితే "అమ్మాయ్, మానకపోయినా పర్లేదు, ఆదివారం గుడికి నడిచెళ్లేలా ఉంటే చాలు" అంది. అందుకే మేము కూర్చోబెట్టే నాలుగు పొరల కట్టు వదిలి వెల్క్రోకి వచ్చాం, సిరకి లేజర్ చేయించాం, చెప్పు పట్టేలా కట్టు సన్నగా చేశాం. ఆ తర్వాత మూడు నెలల పైన పట్టింది మానడానికి.

మానాక బిగువు మేజోళ్లు జీవితాంతం. చీలమండ దగ్గర 23 నుంచి 32 మిల్లీమీటర్లు ఉండే క్లాస్ 2, మోకాలి దాకా ఉన్నది సరిపోతుంది. పొద్దున మంచం దిగకముందే తొడగాలి, దిగి కాఫీ తాగాక అయితే అప్పటికే కాలు వాచి మేజోడు ఎక్కదు. రెండు జతలు కొనండి, ఒకటి ఉతికితే ఒకటి ఉండాలి, ఆరు నెలలకి సాగిపోతాయి, కొత్తవి కొనేటప్పుడు పిక్క కొలత మళ్లీ తీయించండి.